పొట్ట మాట ఎవరు మాట్లాడాలి?

ఇంట్లో పసిపిల్ల ఉంటే మోషన్ గురించి మాట్లాడుకోని పూట ఉండదు. ఎన్నిసార్లయింది, పల్చగా అయిందా, గట్టిగా అయిందా, ఏ రంగులో ఉంది... అమ్మమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసి అడుగుతుంది, మనం అన్నం తింటూనే జవాబు చెప్తాం. ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. అదే ప్రశ్న డెబ్భై నాలుగేళ్ళ మావగారిని అడగాల్సొస్తే? నోరు పెగలదు. ఆయనకీ జవాబు చెప్పబుద్ధి కాదు. అత్తగారిని అడగమందామంటే, యాభై ఏళ్ళు కాపురం చేసినావిడకి కూడా ఆ మాట ఆయన దగ్గర ఎత్తాలంటే మొహమాటమే.

ఈ నెల రాసేది దాని గురించే. కాఫీ తాగుతూ చదివే అలవాటున్నవాళ్ళు ముందు కాఫీ పూర్తి చేసి రండి.

మావయ్యగారికి ఈ ఏడాది ప్రోస్టేట్ కేన్సర్ అని తేలింది. పీఎస్‌ఏ పరీక్ష, ఎమ్మారై, బయాప్సీ అన్నీ అయ్యాక డాక్టర్లు రేడియేషన్ అన్నారు. వారానికి అయిదు రోజుల చొప్పున మొత్తం 28 సార్లు. మా పిస్కాటవే చుట్టుపక్కల ఆస్పత్రులకేం కొదవ లేదు. రారిటన్ నది దాటితే న్యూ బ్రన్స్‌విక్, ఇటు వస్తే ఎడిసన్. మేం వెళ్ళింది ఎక్కడికన్నది ఈ కథకి అక్కర్లేదు. మావారు పొద్దున్నే రైలెక్కి న్యూయార్క్ వెళ్ళిపోతారు. నాకు ఇంటి నుంచి పని చేసే వీలుంది కాబట్టి తీసుకెళ్ళి తీసుకురావడం నా వంతు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి లెక్క చివరికి ఎవరి మీద తేలుతుందో నేను చెప్పక్కర్లేదు.

రేడియేషన్ డాక్టర్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చే పేరు నోరి దత్తాత్రేయుడుగారిది. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, న్యూయార్క్‌లో ఈ వైద్యంలో పేరు తెచ్చుకున్నాయన. 2015లో పద్మశ్రీ వచ్చింది. మావయ్యగారికి తెలిసిన రేడియేషన్ కూడా అదే. "ఆయన లోపలే గింజలు పెట్టేస్తారట కదమ్మా, మరి మనల్ని రోజూ రమ్మంటారేం?" అన్నారు. ఆ గింజల పద్ధతిని బ్రాకీథెరపీ అంటారు. మావయ్యగారికి చెప్పింది బయట నుంచి కిరణాలు పంపే పద్ధతి. ఈ రెండో పద్ధతిలోనే పొట్ట సంగతి రోజూ ముందుకొస్తుంది.

మొదటిసారి నర్సు ఒక కాగితం చేతికిచ్చి 'బవెల్ ప్రెప్' అంది. ఆ మాట వినగానే నాకు కొలనోస్కోపీ గుర్తొచ్చింది. జగ్గుడు మందు తాగి రాత్రంతా బాత్రూమ్ కాపలా కాయడం. ఇది అది కాదు. ఇక్కడ పేగంతా కడిగేయక్కర్లేదు. చివరి భాగం, అంటే మలం వచ్చి ఆగే చోటు, దాన్నే రెక్టమ్ అంటారు, ఆ కాసింత ఖాళీగా ఉంటే చాలు. ఒకరోజు ఖాళీగా ఉండి మర్నాడు నిండుగా ఉండకూడదు. ప్రతిరోజూ ఒకేలా ఉండాలి. కాగితంలో ఇంకేమున్నా అసలు విషయం ఇదే.

ఎందుకో అర్థమైతే తప్ప మా ఇంట్లో ఎవరూ ఏదీ పాటించరు కాబట్టి నర్సుని గుచ్చి గుచ్చి అడిగాను. ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు గుర్తుందా? మధ్యలో కూర్చున్నవాళ్ళ పరిస్థితే ప్రోస్టేట్‌ది. అక్రోటు కాయంత గ్రంథి. పైన మూత్రాశయం, వెనక ఆనుకుని రెక్టమ్. వెనకాయన గ్యాసుతో ఉబ్బితే మధ్యలో ఉన్నాయన ముందుకి జరుగుతాడు. జరిగేది కొన్ని మిల్లీమీటర్లే, ఒక్కోసారి సెంటీమీటరు కూడా ఉండొచ్చు. కానీ కిరణాల గురి కూడా మిల్లీమీటర్ల లెక్కలోనే ఉంటుంది. గ్రంథి జరిగిపోతే పడాల్సిన చోట పడాల్సినంత పడదు, పడకూడని రెక్టమ్ గోడ మీద ఎక్కువ పడుతుంది.

మూత్రాశయం సంగతి దీనికి తలకిందులు. అది కాస్త నిండుగా ఉండాలి. నిండితే చిన్నపేగుల్ని పైకి నెట్టేస్తుంది, కిరణాల దారిలోంచి తప్పిస్తుంది. దాని గోడలో కూడా ఎక్కువ భాగం దూరంగా ఉంటుంది. అందుకని ముందు మూత్రానికి వెళ్ళొచ్చి, తర్వాత చెప్పినన్ని నీళ్ళు తాగి, అరగంటో ముప్పావుగంటో ఆపుకోవాలి. మావయ్యగారికి చెప్పింది 16 ఔన్సులు, అంటే సుమారు అర లీటరు. ఒకటి ఖాళీగా, ఒకటి నిండుగా! ఆ వయసు మగవాళ్ళకి ఈ రెండూ తిరకాసుగానే జరుగుతుంటాయి.

ఇది ఊరికే జాగ్రత్త కోసం చెప్పే మాట అనుకోకండి. హ్యూస్టన్‌లోని ఎమ్‌డీ ఆండర్సన్ కేన్సర్ సెంటర్ డాక్టర్లు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. రేడియేషన్ మొదలుపెట్టే ముందు కొలతల కోసం తీసే సీటీ స్కాన్ రోజున రెక్టమ్ ఉబ్బి ఉన్నవాళ్ళలో, ఆ తర్వాతి కాలంలో కేన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. కారణం ఊహించవచ్చు. ఉబ్బిన రోజున గీసిన పటం పట్టుకుని, ఉబ్బని రోజుల్లో కిరణాలు వేశారు. గ్రంథి ఒకచోట, గురి ఇంకోచోట. అప్పట్లో రోజూ స్కాన్ చేసి సరిచూసుకునే పద్ధతి ఇప్పటిలా లేదు. ఇప్పుడు ప్రతిసారీ బల్ల మీద పడుకోబెట్టి చిన్న సీటీ తీసి చూస్తారు. కొందరికి ముందుగానే గ్రంథిలో బియ్యపుగింజకన్నా చిన్న బంగారపు గుర్తులు పెడతారు. (మా అత్తయ్యగారు "ఎన్ని గ్రాములు?" అని అడిగారు. నవ్వకండి, శ్రావణమాసం కదా, బంగారం మీద ధ్యాస ఉంటుంది.) ఇంత టెక్నాలజీ ఉన్నా మొదటి కొలతల రోజు పొట్ట ఎలా ఉందన్నది ముఖ్యమే. ఆ రోజుకి మాత్రం చాలామంది డాక్టర్లు ఎనీమా చేసుకుని రమ్మంటారు.

ఎనీమా అన్న మాట వినగానే మావయ్యగారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పిన మేష్టారు. నర్సు ఇంగ్లీషులో చెప్పిందల్లా అర్థమైంది, అన్నిటికీ "ఎస్, ఎస్" అన్నారు. రోజూ మోషన్ అవుతుందా అంటే "ఎస్". గ్యాస్ ఉందా అంటే "నో". పక్కన కోడలు కూర్చుని ఉంటే ఇంకేం చెప్తారు? ఆ "ఎస్"లలో ఎన్ని నిజమో కనిపెట్టడం నా వల్ల కాదని అప్పుడే అనిపించి, తెలుగులో చెప్పేవాళ్ళెవరైనా దొరుకుతారా అని నర్సుని అడిగాను.

ఇది చాలామందికి తెలియదు, తెలిసినా అడగరు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగులకి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత ఇది, 2010 నాటి అఫోర్డబుల్ కేర్ యాక్ట్‌లో 1557వ సెక్షన్ దాన్ని ఇంకా గట్టిచేసింది. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ కూడా ఉచితంగానే ఇస్తుంది. మనింట్లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు వచ్చు కదా అని మనం అడగం. పేపరు చదివే ఇంగ్లీషు వేరు, పొట్ట గురించి చెప్పుకునే ఇంగ్లీషు వేరు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఫోన్ స్పీకర్లో ఒకాయన వచ్చారు. ఎక్కడివారో తెలియదు, యాస మాత్రం అచ్చం గోదావరి. "నమస్కారమండీ. నర్సుగారు అడుగుతున్నారండీ, మీకు విరేచనం సాఫీగా అవుతోందాండీ? ఆఖరుసారి ఎప్పుడయిందండీ?" నేను లేచి బయటికి వెళ్ళబోయాను. మావయ్యగారు "ఫర్వాలేదు, ఉండమ్మా" అన్నారు. తర్వాత ఫోన్ వైపు తిరిగి, "మూడు రోజులైంది నాయనా" అన్నారు.

మూడు రోజులు! మాలో ఎవరికీ తెలియదు.

ఆ పది నిమిషాల్లో బయటపడినవి ఒకటి కాదు. మొలల బాధ ఉందట, పాతికేళ్ళుగా. అందుకే ఎనీమా అంటే భయం. కాల్షియం, ఐరన్ బిళ్ళలు తెనాలి నుంచి తెచ్చుకుని వేసుకుంటున్నారు, రెండూ మలబద్ధకం చేసేవే. పైగా సుగర్‌కి వోగ్లిబోస్ వేసుకుంటున్నారు. ఇది మన దగ్గర డాక్టర్లు విరివిగా రాసే మందు. అమెరికాలో అమ్మరు, అందుకని ఇక్కడి నర్సు కంప్యూటర్లో వెతికితే దొరకలేదు. అన్నంలోని పిండిపదార్థం తొందరగా అరగకుండా ఆపడం దాని పని. అరగనిది పెద్దపేగులోకి పోయి పులుస్తుంది, గ్యాస్ పుడుతుంది. గ్యాస్ రాకూడని మనిషికి గ్యాస్ పుట్టించే మందు! ఆపమని నేను చెప్పలేదు, మీరూ ఎవరికీ చెప్పకండి. డాక్టర్ చూసి, సుగర్ డాక్టర్‌తో మాట్లాడి మార్చారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా మొత్తం, చూర్ణాలతో సహా, మొదటి రోజే బల్ల మీద పెట్టండి. అంతవరకే మన పని.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే సోడియం ఫాస్ఫేట్ ఎనీమా పైకి చిన్న సీసానే. కానీ అమెరికా ఎఫ్‌డీఏ 2014 జనవరిలో ఆ జాతి మందుల గురించి హెచ్చరిక ఇచ్చింది. 24 గంటల్లో ఒక్క మోతాదు మించి వాడొద్దంది. 55 ఏళ్ళు దాటినవాళ్ళు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు, నీరు పోయే బిళ్ళలు, నొప్పి బిళ్ళలు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వాడొద్దంది. మన పెద్దవాళ్ళలో ఈ జాబితాలోకి రానివాళ్ళెవరు చెప్పండి? మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా అంతే, కిడ్నీ సరిగా లేకపోతే మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది. మొదటిసారి ఫలితం రాలేదని రెండో సీసా వాడేయడం, మా చిన్నప్పుడు ఆముదం తాగించినట్టు ఇంట్లో ఆముదమో సునాముఖి ఆకో పట్టించడం చెయ్యకండి. నీళ్ళ విరేచనాలతో బల్ల ఎక్కిన మనిషి మధ్యలో కదలకుండా పడుకోలేడు, పైగా ఒంట్లో నీరు పోతుంది.

కొలతల రోజు బాగానే గడిచింది. మొలల సంగతి తెలిసింది కాబట్టి డాక్టర్ వేరే మెత్తటి మందు రాసిచ్చారు. నడుముకి అటూ ఇటూ గుర్తు కోసం చిన్న పచ్చబొట్టు చుక్కలు పెట్టారు. "ఈ వయసులో పచ్చబొట్టు" అని మావయ్యగారు నవ్వారు కూడా.

నాలుగో రోజు బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీసి, లేపేశారు. గ్యాస్ కనిపించింది. "కాసేపు నడిచి, బాత్రూమ్‌కి వెళ్ళి రండి, మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆ మాట ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. రోజూ నలుగురైదుగురికి చెప్పే మాటే అది, వాళ్ళకి అందులో వింత లేదు. మావయ్యగారికి మాత్రం పరీక్ష హాల్లోంచి బయటికి పంపినట్టయింది. ఆస్పత్రి గౌనులో, వెనక ముడి సరిగా పడక, చేత్తో పట్టుకుని కారిడార్లో పదిహేను నిమిషాలు నడిచారు. రెండోసారి సరిపోయింది. ఇంటికొచ్చేదాకా కార్లో ఒక్క మాట లేదు.

ఆ రాత్రి నుంచి ఆయన తిండి మానేశారు. చెప్పి మానలేదు. "ఆకలి లేదమ్మా, మజ్జిగ చాలు." మర్నాడూ అదే. తినకపోతే లోపల ఏమీ ఉండదు కదా, లెక్కల మేష్టారి లెక్క అది. నీళ్ళూ తగ్గించేశారు, రూట్ 18 ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆపుకోలేనేమోనని. భోజనం లేకుండా సుగర్ బిళ్ళ మాత్రం వేసుకున్నారు. మూడో రోజు తెల్లవారుజామున అత్తయ్యగారు వచ్చి తలుపు కొట్టారు, ఆయన ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. సుగర్ 58. నారింజరసం తాగించి కూర్చోబెట్టాం.

ఇది మా ఇంటి సంగతే కాదని నర్సు తర్వాత చెప్పింది. సిగ్గుపడ్డ మగవాళ్ళు చేసే పనే ఇది. తిండి మానేస్తారు, నీళ్ళు మానేస్తారు. నీళ్ళు తగ్గితే మలం గట్టిపడుతుంది, మూత్రాశయం నిండదు. పేగు కదలాలంటే తిండి పడాలి. ఖాళీ కోసం చేసిన పని నిండటానికే దారితీస్తుంది. వేళకి తినడం, వేళకి తాగడం, అన్నం తిన్నాక కాసేపు నడవడం, పొద్దున్న ఒకే వేళకి బాత్రూమ్‌లో తొందర లేకుండా కూర్చోవడం. మందులకన్నా ముందు ఇవి.

అప్పుడు అత్తయ్యగారు రంగంలోకి దిగారు. నా కూతురి పాత స్కూల్ నోటుపుస్తకం ఒకటి తీసి, పెన్సిల్‌తో గళ్ళు గీశారు. తిన్నది, తాగిన నీళ్ళు, 'అయింది/కాలేదు', గ్యాస్. 'సోమ: బీరకాయ, చారు. బాగుంది. మంగళ: గోరుచిక్కుడు. వద్దు. బుధ: పెసరపప్పు పొంగలి. బాగుంది.' మావయ్యగారు మొదట చిరాకు పడ్డారు. తర్వాత గళ్ళు సరిగా లేవని తనే స్కేలు పెట్టి గీసిచ్చారు. పొద్దున్నే హాల్లోకి వచ్చి "హోంవర్క్ అయిందమ్మా" అనేవారు. అంతే, ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. పిల్లలు కూడా "తాతయ్యా, హోంవర్క్ అయిందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకి మేమెవరం వెతికినా దొరకని మాట ఆయనే కనిపెట్టారు.

వంటింటి సంగతి. నర్సు ఇచ్చిన కాగితంలో గ్యాస్ చేసే తిండి జాబితా అంతా బ్రోకలీ, బేక్డ్ బీన్స్, బీరు. మావయ్యగారు ఈ మూడూ జన్మలో ముట్టలేదు. మన వంటకి ఆ జాబితాని మనమే తిరగరాసుకోవాలి. శనగలు, రాజ్మా, అలసందలు, చిక్కుడు జాతి కూరలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, పచ్చి ఉల్లిపాయ, పనస, సోడాలు. కందిపప్పు కొందరికి పడుతుంది, కొందరికి పడదు. పెసరపప్పు ఎక్కువమందికి తేలిక. పప్పులు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే గ్యాస్ చేసే చక్కెరలు కొంత పోతాయి. పాలు పడనివాళ్ళు కాఫీలో పాలు తగ్గించుకుని పెరుగు తినొచ్చు. బీర, పొట్ల, సొర, క్యారెట్ బాగా ఉడికించి పెట్టాను. ఇంగువ, వాము, జీలకర్ర వేస్తే మంచిదని అత్తయ్యగారి నమ్మకం, వేశాం. చెడేమీ చెయ్యలేదు, ఎంత మేలు చేసిందో నేను చెప్పలేను. తొందరగా మింగడం, టీ శబ్దం చేస్తూ జుర్రుకోవడం వల్ల కూడా గాలి లోపలికి పోతుంది. దీనికి మందు లేదు, అత్తయ్యగారి చూపొక్కటే ఉంది.

అన్నట్టు శ్రావణమాసమన్నాను కదా. మా వీధిలోనే తెలుగువాళ్ళ ఇళ్ళు తొమ్మిది. మంగళవారాలూ శుక్రవారాలూ పేరంటాలే. ప్రతి ఇంటి నుంచీ తాంబూలంలో జిప్‌లాక్ సంచీడు నానబెట్టిన శనగలు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే శనగలు. వాటిని పారెయ్యకూడదు, పెద్దాయనకి పెట్టకూడదు. గుగ్గిళ్ళు చేస్తే వాసనకి ఆయనే వచ్చి కూర్చుంటారు. చివరికి స్టెల్టన్ రోడ్డులో సరుకులకి వెళ్ళినప్పుడు కనిపించిన తెలుగు విద్యార్థులకి ఒకసారి, మావారి ఆఫీసుకి ఒకసారి పంపించాను. వరలక్ష్మీవ్రతం నాడు మా ఇంటికొచ్చినవాళ్ళకి నేనూ శనగలే ఇచ్చాననుకోండి, అది వేరే సంగతి. శుక్రవారం మధ్యాహ్నం రేడియేషన్ అయ్యాక మావయ్యగారికి నాలుగు గుగ్గిళ్ళు దొరికేవి. శని, ఆదివారాలు సెలవు కదా, సోమవారానికి సర్దుకుంటుందని నర్సే ఒప్పుకుంది.

అంత కచ్చితంగా ఉండక్కర్లేదా అంటే, అక్కర్లేదనే నా అభిప్రాయం, దానికి ఆధారం కూడా ఉంది. విరేచనకారి మందులూ గ్యాస్ తగ్గించే ఆహారమూ నిజంగా గ్రంథి కదలికని ఆపుతాయా అని కెనడాలో, నెదర్లాండ్స్‌లో పరీక్షించి చూశారు. నెదర్లాండ్స్‌లో కొందరికి మెగ్నీషియం ఆక్సైడ్, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి పోల్చి 2012లో ప్రచురించారు. బల్ల మీద ఉన్న కాసేపట్లో గ్రంథి కదలడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పొట్ట సంగతి ముఖ్యం కాదని కాదు. అందరికీ ఒకే మందు, ఒకే పథ్యం పెట్టేస్తే సరిపోతుందన్నది నిలబడలేదు. మనిషి ముందు నుంచీ సాఫీగా ఉంటే అతని అలవాటు కదపకపోవడమే మేలు. కదిలితే కనిపెట్టడానికి రోజూ స్కాన్ ఉంది. కాబట్టి ఇంటిల్లిపాదీ పప్పు మానేసి, పెద్దాయన్ని వెలేసినట్టు వేరే గిన్నెలో గంజి పొయ్యకండి.

ఆస్పత్రికో పద్ధతి అన్నది కూడా గుర్తుంచుకోండి. ఇంగ్లండ్‌లో ఉండే మా చిన్నాడపడుచు, వాళ్ళ ఊళ్ళో రోజూ వెళ్ళే ముందు చిన్న ఎనీమా వాడిస్తారని చెప్పి, "మీకెందుకు చెప్పలేదు?" అని కంగారు పెట్టింది. ఇంకొకరికి గ్రంథికీ రెక్టమ్‌కీ మధ్య జెల్ ఎక్కించారట. అదీ ఉంది, 2015లో ఎఫ్‌డీఏ అనుమతించింది. రెంటి మధ్యా సెంటీమీటరు ఎడం చేస్తుంది, ఆర్నెల్లలో ఒంట్లోనే కరిగిపోతుంది. అందరికీ పెట్టరు. కొందరికి 5 సార్లతో అయిపోతుంది, కొందరికి 20, కొందరికి 28, కొందరికి 40 దాటుతుంది. సార్లు తగ్గినకొద్దీ ఒక్కోసారి పడే మోతాదు పెద్దది, ఆ రోజు పొట్ట సరిగ్గా ఉండటం అంత ముఖ్యం. ఒకరి కాగితం ఇంకొకరికి పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తమ కాగితం ఫోటో పెడితే పలకరించి ఊరుకోండి.

నాలుగో వారం నుంచి వరస మారింది. మూత్రానికి మాటిమాటికీ లేవడం, విరేచనం పల్చబడటం, ఒక్కసారిగా తొందర రావడం. రేడియేషన్ వల్ల లోపలి గోడ చిరాకు పడుతుంది. ఇది వస్తుందని ముందే చెప్పారు. అయితే మొదటి రోజు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంటుంది, రాత్రి మందు అలవాటుగా వేసేస్తూనే ఉంటారు. పల్చబడిన రోజే ఫోన్ చేసి చెప్తే మెత్తబరిచే మందు ఆపేయించారు, పీచు తగ్గించి మెత్తటి అన్నం, అరటిపండు, పెరుగు పెట్టమన్నారు. అత్తయ్యగారి పుస్తకంలో 'అయింది' గడిలో అంకెలు పెరగడం చూసి మావయ్యగారే చెప్పారు, "అమ్మాయ్, ఇవాళ హోంవర్క్ నాలుగుసార్లు చేశాను."

28 అయిపోయాయి. చిరాకంతా సర్దుకోవడానికి ఇంకో నెల పట్టింది. పీఎస్‌ఏ అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి, అది సంవత్సరాల పని.

నవంబరులో వాళ్ళిద్దరూ తెనాలి వెళ్తున్నారు. ఫైలులో పైన పెట్టమని డాక్టర్ చెప్పిన కాగితం ఒకటుంది: ఎక్కడ, ఎంత మోతాదు, ఎప్పుడు వేశారన్న వివరం. నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది రెండేళ్ళ తర్వాత, విరేచనంలో రక్తం కనిపించవచ్చు. కనిపిస్తే మొలలేలే అని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించాలి. అక్కడి డాక్టర్ కొలనోస్కోపీ చెయ్యాలంటే, రేడియేషన్ అయిందని ముందే చెప్పాలి. కిరణాలు తగిలిన రెక్టమ్ ముందుగోడ నుంచి, తప్పనిసరైతే తప్ప, ముక్క తియ్యకూడదు. ఆ పుండు మానడం కష్టం. ఈ ఒక్క వాక్యం నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, రెండు కాపీలు తీశాను. ఒకటి ఫైలులో. రెండోది అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగులో, గళ్ళ నోటుపుస్తకంతో పాటు. ఆ పుస్తకం ఇక్కడే వదిలెయ్యమంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంకా పదహారు పేజీలు మిగిలాయట.